ప్రస్థానం పెట్టిన కారు

మా అన్నయ్య ప్రేమ్‌చంద్ ఆ కారును మొదటి రోజు నుంచీ భయంభయంగానే ముట్టుకున్నాడు. మామిడికాయల వ్యాన్లు, జీపులు, ట్రాక్టరు ట్రక్కులు అయితే కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాడు. నూజివీడు దాటాక రెడ్డిగూడెం వైపు వెళ్లే రోడ్డు పక్కన మాకు రేకుల షెడ్డు ఉంది. ఈ చుట్టుపక్కల తోటల్లోకి వెళ్లే బండ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఆగినవే. ఇది మాత్రం రెండే సీట్లున్న నీలం రంగు స్పోర్ట్స్ కారు. నేలకు జానెడు ఎత్తులో పడుకున్నట్టు ఉంటుంది. అన్నయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని దూరంగా నిలబడ్డాడు.

"నాకు రాదండీ ఇది. విజయవాడ తీసుకెళ్లండి" అన్నాడు.

కారు తెచ్చింది సుష్మ గారు. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే లక్ష్మీనరసింహారావు గారి అమ్మాయి. ఆయన వ్యాన్లన్నీ మా షెడ్డుకే వస్తాయి. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన ఈ కారును ఆవిడ ముచ్చటపడి కొనుక్కుంది.

"విజయవాడలో వర్క్‌షాపులో చేసొచ్చినోడివి, నీకు రాకపోతే ఇంకెవరికొస్తది? అక్కడికెళ్తే మళ్లీ నీలాంటోడి చేతిలోనే పెడతారు. ఇక్కడైతే నా కళ్లముందు ఉంటుంది" అంది ఆవిడ.

వేగంగా వెళ్తూ వంపు తిరిగితే కారు తోక ఊగుతోందని ఆవిడ బాధ. అదే కంపెనీ వాళ్లు అదే కారులో ఖరీదైన రకానికి ఫ్యాక్టరీలో బిగించే సామాను మొత్తం ఒక సెట్టుగా తెప్పించింది. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్లు, కారు పక్కలకు ఒరగకుండా అడ్డంగా పట్టి ఉంచే రెండు కడ్డీలు, కీళ్ల దగ్గర దూర్చే కొత్త రబ్బరు బుష్‌లు, వాటి బోల్టులు, నట్టులు. స్ప్రింగుల మీద రంగు చుక్కలు ఉన్నాయి. ముందువాటికి పసుపు, వెనకవాటికి తెలుపు.

"ఇవన్నీ ఒకదానికొకటి చూసి చేసినయ్యి ప్రేమ్. ఒక్కటి మారినా మిగతావి దండగే. నీ డబ్బాల్లో ఉన్న బోల్టు ఒక్కటి కూడా దీంట్లో పడకూడదు."

"అట్టాగేనండి."

"ఆ వ్యాన్‌ది ఈ వ్యాన్‌కి వేస్తావుగా, ఆ వేషాలు నాన్న దగ్గర."

అన్నయ్య నవ్వాడు గాని, ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

షెడ్డులో నా పని విప్పిన సామాను కిరోసిన్‌లో కడిగి, ఏది ఎక్కడ నుంచి వచ్చిందో ఆ వరసలోనే గోనెపట్టా మీద పేర్చడం. ఊళ్లో హైస్కూలు అయిపోయాక రెండు వేసవులు తోటల్లో కాయలు ఏరడానికి వెళ్లాను. తర్వాత అన్నయ్య దగ్గరే ఉండిపోయాను. అన్నయ్యకు పని చేస్తూ మాట్లాడే అలవాటు ఉంది. నాకు వినే అలవాటు ఉంది. అందుకే ఆ కారులో ఏ బోల్టు దేన్ని పట్టుకుంటుందో కొంత తెలిసింది.

ముఖ్యంగా ఒక సంగతి పదేపదే చెప్పాడు. కారు జాకీల మీద ఉన్నప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి. అప్పుడు బోల్టులు బిగించేస్తే లోపలి రబ్బరు బుష్ ఆ వేలాడిన తీరులోనే పట్టుకుపోతుంది. కిందకి దించగానే మెలిపడి, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. కాబట్టి పైన ఉన్నప్పుడు నట్టును వేళ్లతో తిప్పి వదిలేయాలి. కారు నేల మీద నిలబడ్డాక, మనుషులు కూర్చున్నంత బరువు లోపల పెట్టి, అప్పుడు కింద నుంచి గట్టిగా బిగించాలి. విజయవాడలో ఇసుక బస్తాలు పెట్టేవాళ్లట. మా అన్నయ్య మామిడికాయల క్రేట్లు పెడతాడు. కారును షెడ్డులో తవ్వి ఉంచిన గొయ్యి మీద నిలిపి, సీట్లలో దుప్పటి పరిచి, బంగినపల్లి కాయలు నింపిన క్రేట్లు ఎక్కించి, తను గోతిలోకి దిగుతాడు. సీజన్‌లో షెడ్డు ముందు ఏదో ఒక వ్యాన్ కాయలతో ఆగే ఉంటుంది కాబట్టి బరువుకు కొదవ లేదు.

ఎంత గట్టిగా బిగించాలో కూడా ఈ సెట్టుకు లెక్క ఉంది. అంత బిగువు రాగానే టిక్కుమనే రెంచ్ ఒకటి కావాలి. మాకు లేదు. ముసునూరులో ట్రాక్టర్లు బాగుచేసే శ్రీరాములు బాబాయి దగ్గర అడిగి తెచ్చాడు.

ఆ రోజు బుధవారం. నేను పని దగ్గరున్న నాన్నకు అన్నం క్యారేజీ తీసుకుని బయల్దేరేసరికి ముందు రెండు పక్కలా అయిపోయాయి. గోతిలో నుంచి అన్నయ్య తల, వెనక కుడి చక్రం పక్కన కనిపించింది. టిక్కుమన్న శబ్దం విని వెళ్లిపోయాను.

నేను వెళ్లాక జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను.

కుడి పక్క అయిపోయి అన్నయ్య ఎడమ పక్కకు జరిగేలోపు శ్రీరాములు బాబాయి వచ్చాడు. ఎవరిదో ట్రాక్టరు ఇంజను విప్పి కూర్చున్నాడట, రైతు నెత్తి మీద నిలబడ్డాడట. రెంచ్ పట్టుకెళ్లి, పనయ్యాక మళ్లీ వచ్చి తీసుకెళ్లమన్నాడు. వెనక ఎడమ చక్రాన్ని కింద పట్టి ఉంచే పెద్ద బోల్టు ఒక్కటే మిగిలింది. దాని నట్టు వేళ్లతో తిప్పి వదిలినదే.

అప్పుడు మా నాయనమ్మ అచ్చమ్మ షెడ్డు ముందు మంచం మీద నుంచి లేచి వచ్చింది.

"పన్నెండు కొడితే రాహుకాలంరా. కొత్త సామాను పడ్డ బండి. ఈలోపే షెడ్డు దాటాలి."

"ఇంకా పనుంది నాయనమ్మా. ఆవిడ సాయంత్రం గాని రాదు."

"అయితే ప్రస్థానం పెట్టు."

మంచి ఘడియలో బయల్దేరడం కుదరకపోతే మా వైపు ప్రస్థానం పెడతారు. వెళ్లాల్సిన మనిషి సంచో, బట్టల జతో ఆ ఘడియలో ఇల్లు దాటించి పక్కవాళ్ల అరుగు మీద ఉంచుతారు. ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వెళ్లినా దోషం ఉండదు.

"బండికి ప్రస్థానం ఏంటే? స్టెప్నీ తీసి టీకొట్లో పెట్టిరానా?"

"స్టెప్నీ ఎందుకు, బండే ఉందిగా. నలుగురు చెయ్యేస్తే పోదా?"

అన్నయ్య వాదించలేదు. కారు అంటే ఉన్న భయంలో, దానికి ఏదైనా మంచి జరుగుతుందంటే కాదనే ధైర్యం అతనికి లేదు. క్రేట్లు దించి, స్టీరింగ్ తిరగడానికి తాళంచెవి పెట్టి, టీకొట్టు దగ్గర ఉన్నవాళ్లను పిలిచి తోయించాడు. రోడ్డు వైపు ముఖం పెట్టి చింతచెట్టు కింద నిలబెట్టారు. నాయనమ్మ బానెట్‌కు పసుపు రాసి బొట్లు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి కర్పూరం వెలిగించింది. అన్నయ్య దణ్ణం పెట్టుకుని, రెంచ్ కోసం బైకు మీద ముసునూరు వెళ్లాడు. తిరిగొచ్చాక కారును మళ్లీ గొయ్యి మీదకు తోసుకోవచ్చు అనుకున్నాడు. కారు ఎవరికీ ఇవ్వొద్దని నాయనమ్మకు ప్రత్యేకించి చెప్పలేదు.

నేను ఖాళీ క్యారేజీతో తిరిగొచ్చేసరికి కారు బయట మెరుస్తూ ఉంది. మా షెడ్డులో బొట్టు పెట్టిన బండి అంటే పని పూర్తయిన బండి. ఇన్నాళ్లలో వేరేగా జరగడం నేను చూడలేదు. టైర్ల కింద నలిగిన నిమ్మచెక్కలు చూసి, అమ్మయ్య అనుకున్నాను.

అంతలో తండ్రి వ్యాన్‌లో సుష్మ గారు వచ్చి దిగింది. సాయంత్రం దాకా ఆగలేకపోయిందట.

"అయిపోయిందా భవానీ?"

"అయినట్టుందండి. అన్నయ్య లేడు, వచ్చేస్తాడు."

"వచ్చేలోగా ఒక రౌండ్ కొట్టొద్దాం."

నాయనమ్మ మంచం మీద నుంచి తల ఎత్తింది. ఆవిడ ఆపుతుందనుకున్నాను.

"రాహుకాలం అని చూడకమ్మా. ప్రస్థానం పెట్టేశాం. ఎప్పుడెళ్లినా దోషం లేదు" అంది.

సుష్మ గారు ఎడమ తలుపు తీసి నా వైపు చూసింది. "ఎక్కు. నేనొక్కదాన్నే అయితే ఆ పక్క తేలిపోద్ది, తేడా తెలియదు. నువ్వేం చెయ్యక్కర్లేదు, బియ్యం మూటలా కూర్చో."

ఎక్కాను. అంత కిందకి ఉన్న సీటులో ఎప్పుడూ కూర్చోలేదు. కాళ్లు ముందుకు చాపాల్సి వచ్చింది. రోడ్డు నా నడుముకి తగిలేంత దగ్గరగా అనిపించింది. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక పట్టుకుని ఉంటే ఆవిడే వంగి పెట్టింది.

రోడ్డెక్కాక మొదటి వంపు ఎడమకు తిరిగింది. కారు ఒరగలేదు. అరచేతిలో పెట్టుకుని తిప్పినట్టు తిరిగింది.

"చూశావా? సెట్టుగా వెయ్యాలి అన్నది ఇందుకే. మీ అన్న చెయ్యి బంగారం" అంది సుష్మ గారు. వేగం పెంచింది.

రెండు పక్కలా తోటలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ బుష్‌లన్నీ నేను తుడిచి అందించినవే.

స్పీడుబ్రేకరు దగ్గర మెల్లగా ఎక్కించి దించింది. దిగేటప్పుడు నా వెనక టక్ మని వినిపించింది. రాయి తగిలినట్టు. ఆవిడ వినలేదు, లేదా పట్టించుకోలేదు. నేను మాత్రం వీపు సీటుకు ఆనించి వింటూ కూర్చున్నాను. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడు మళ్లీ టక్ మంది. ఆవిడ కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడల్లా టక్, టక్.

"ఏదో చప్పుడొస్తందండి."

"కొత్త సామాను. సర్దుకుంటది."

సర్దుకోవడం లేదు. చప్పుడు పెద్దదవుతోంది. నేను క్యారేజీతో వెళ్లేటప్పుడు అన్నయ్య కుడి పక్క ఉన్నాడు. ఎడమ పక్క బిగించడం నేను చూడలేదు. చూడనివి చాలా ఉంటాయి, చూడనంత మాత్రాన జరగలేదని కాదు. బొట్టు ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎడమ పక్క చక్రం సరిగ్గా నా వెనక, చెయ్యి వెనక్కి చాపితే అందేంత దూరంలో తిరుగుతోంది.

"కొంచెం ఆపుతారాండి" అన్నాను.

"కళ్లు తిరుగుతున్నాయా?" నవ్వింది. "బియ్యం మూటలు మాట్లాడకూడదు."

అప్పుడే నా ఒళ్లో ఫోను మోగింది. అన్నయ్య.

"కారెక్కడ?" అన్నాడు. మామూలు గొంతు కాదు.

"మేం దాంట్లోనే ఉన్నాం. నేను, సుష్మ గారు. రెడ్డిగూడెం రోడ్డు."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

"భవానీ, జాగ్రత్తగా విను. వెనక ఎడమ బోల్టు బిగించలా. నట్టు ఊరికే ఉంది. ఈపాటికి ఊడిపోయి ఉంటది. బోల్టు జారిపోతే చక్రం లోపలికి పడిపోద్ది. ఆవిడకి చెప్పు. గట్టిగా బ్రేకు కొట్టొద్దను."

ఫోను స్పీకరులో పెట్టాను. "బోల్టు బిగించలేదంటండి" అని ఎలాగో అన్నాను.

"ఏ బోల్టు? బొట్టు పెట్టారు కదే?"

"ప్రస్థానానికండి" అన్నాడు అన్నయ్య ఫోనులో. ఏడుస్తున్నట్టు ఉంది గొంతు. "పని కాలేదండి. మెల్లగా ఆపండి."

ఆవిడ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. కాలు మాత్రం ముందే భయపడింది. బ్రేకు మీద పడింది. వెంటనే వెనక భాగం ఎవరో తోకపట్టి లాగినట్టు పక్కకు జరిగింది. కారు రోడ్డు మధ్యగీతకు అడ్డంగా తిరగబోయింది. ఆవిడ కాలు ఎత్తేసింది. అటూ ఇటూ రెండుసార్లు ఊగి మళ్లీ నేరుగా వచ్చింది. నా తల కిటికీకి కొట్టుకుంది. వెనక టక్ మనే చప్పుడు ఆగిపోయి, ఇనుము ఇనుమును రాసుకుంటున్న కరకర మొదలైంది.

"బ్రేకు వద్దండి, బ్రేకు వద్దు" అంటున్నాడు అన్నయ్య. "యాక్సిలరేటరు కొంచెం కొంచెంగా వదలండి. కుడికి తిప్పొద్దు. కుడికి తిప్పితే బరువంతా ఆ చక్రం మీద పడుద్ది."

స్టీరింగు పట్టుకున్న సుష్మ గారి వేళ్లు తెల్లబడ్డాయి. ఎడమ పక్క రోడ్డు అంచు దిగితే లోతుగా మురుగుకాలువ. వెనక కాయల లారీ ఒకటి దగ్గరగా వచ్చి హారను కొడుతోంది. అక్కడ రోడ్డు కొంచెం పల్లంగా ఉంటుంది. నడిచేటప్పుడు తెలిసేది కాదు, సైకిలు మీద తెలిసేది. కారు తగ్గాల్సినంత తగ్గడం లేదు.

ఆ పల్లం చివర ఏముందో నాకు తెలుసు. కుడివైపు పెద్ద వంపు.

చింతపిక్కంత మాట కూడా ఎవరి ముందూ గట్టిగా అనని దాన్ని. బడిలో పేరు పిలిస్తే కూడా పలికేదాన్ని కాదు, చెయ్యి ఎత్తేదాన్ని. ఇప్పుడు చెయ్యి ఎత్తితే చూసేవాళ్లు లేరు.

"వంపు తిరగొద్దండి" అన్నాను.

"తిరగకపోతే ఎక్కడికి పోవాలే?"

"నేరుగా. రెండు కానుగ చెట్లు ఉంటాయి. వాటి మధ్య తోటలోకి బండ్ల బాట ఉంది. మెత్తటి ఇసుక. ట్రాక్టర్లు పోతాయి."

"నాకేం కనపడట్లా."

"దగ్గరికొస్తే గాని కనపడదండి. నేను అక్కడ పని చేశాను."

ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. నమ్మాలో వద్దో తెలియని చూపు. నాకు కూడా తెలియదు. నేను అక్కడ కాయలు ఏరి రెండేళ్లు దాటింది. ఈలోపు కంచె వేసి ఉండొచ్చు. గేటు పెట్టి ఉండొచ్చు. అంతకంటే భయపెట్టే సంగతి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ బాట మీద చెట్లు పైన కలుసుకుని నీడ గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలకు ఏరేవాళ్లంతా ఆ నీడలోనే, బాట మధ్యలోనే కూర్చుంటారు. మేమూ అలాగే కూర్చునేవాళ్లం.

"హారను కొట్టండి. మనుషులుంటారు. ఆపకుండా కొట్టండి."

ఆవిడ హారను మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. వంపు దగ్గర పడింది. ఎదురుగా వంపులో నుంచి ఇంకో వ్యాన్ ముఖం కనపడింది. కానుగ చెట్లు కనిపించాయి. వాటి మధ్య చీకటి గుహలా ఉంది బాట. గేటు లేదు. లోపల ఏదో ఎర్రగా, పచ్చగా కదిలింది. చీరలు.

"ఉన్నారే" అంది సుష్మ గారు. ఆవిడ గొంతు పిల్లల గొంతులా అయిపోయింది.

"పోనివ్వండి. లేస్తారు" అన్నాను. లేస్తారని నాకు ఎవరు చెప్పారు?

రోడ్డు వదిలి దిగేటప్పుడు కారు కింద భాగం నేలకు గట్టిగా తగిలింది. సరిగ్గా నా వెనక పెద్ద చప్పుడు వచ్చింది. నా పక్క వెనక భాగం కూలబడింది. దుమ్ములో ఏమీ కనపడలేదు. హారను, కేకలు, అద్దానికి కొట్టుకుంటున్న కొమ్మలు. నేను కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే ఎవరైనా కింద పడ్డారేమో తెలియదు. దుమ్ములో నుంచి ఒక గంప దొర్లుకుంటూ పోయింది, కాయలు టపటపా బానెట్ మీద పడ్డాయి. ఇసుక కారును పట్టుకుంది. అడ్డంగా ఈడ్చుకుంటూ పోయి, ఆగింది.

ఇంజను ఆగిపోయాక కూడా సుష్మ గారి చెయ్యి హారను మీదే ఉంది. నేను మెల్లగా తీశాను.

"ఎవరన్నా పడ్డారా?" అని అడిగింది ఆవిడ, ముందుకే చూస్తూ.

తలుపు తియ్యడం చేతకాలేదు. బయట నుంచి ఎవరో లాగి తీశారు. నాగమణి పిన్ని. ఆ తోటలో ఏరేవాళ్ల ముఠాకు పెద్ద.

"పిన్నీ, అందరూ ఉన్నారా?"

"నువ్వా? అచ్చమ్మ మనవరాలివా?" అంది. "ఉన్నారు ఉన్నారు. అన్నాల గిన్నెలే పోయినయ్యి."

"లెక్క చూసుకో పిన్నీ."

ఆవిడ నా ముఖం చూసి మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. చెట్ల వెనక నుంచి ఒక్కొక్కరే పలికారు. ఒక పేరుకు జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది. అవతల బోరింగు దగ్గర నుంచి, "నీళ్లకొచ్చాను, ఏంటా గోల?" అని వినిపించింది.

అప్పుడు ఇసుకలోనే కూర్చున్నాను.

సుష్మ గారిని ఇద్దరు పట్టుకుని దించి చెట్టు కింద కూర్చోబెట్టారు. నీళ్లు తాగించబోతే పళ్లు గ్లాసుకు తగిలి టకటకా కొట్టుకున్నాయి. ఆడవాళ్లు కారు చుట్టూ చేరారు. వెనక ఎడమ చక్రం విరిగిన కోడి కాలులా లోపలికి ముడుచుకుని ఉంది.

"ఇప్పుడు టైమెంత? పన్నెండు దాటిందిగా. రాహుకాలంలో బయల్దేరారు మరి" అంది ఒకామె.

"కాదంట, ప్రస్థానం పెట్టే వచ్చారంట. అందుకే ప్రాణాలు దక్కినయ్యి" అంది సుష్మ గారి దగ్గర విన్న ఇంకొకామె. నాగమణి పిన్ని కూడా తల ఊపింది.

అందరూ ఆ మాటే అంటారు. ఇంటికి వెళ్తే నాయనమ్మ కూడా అదే అంటుంది. రేపు ఇంకో బండిని కూడా పని సగంలో ఉండగానే బయటికి తోయిస్తుంది.

అన్నయ్య బైకు శబ్దం దూరం నుంచే గుర్తుపట్టాను. అది ఆగలేదు, పడిపోయింది. దాన్ని అలాగే వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కారు వైపు చూడలేదు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని తల, మెడ, చేతులు తడిమాడు. షెడ్డులో ఏదైనా విరిగిందేమో చూసేటప్పుడు అలాగే వేళ్లతో తడిమి చూస్తాడు.

"ఎక్కడన్నా నొప్పి ఉందా?"

"లేదు."

"తల?"

"కొంచెం కొట్టుకుంది. ఏం కాలేదు."

తర్వాత సుష్మ గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"తప్పు నాదేనండి. తాళంచెవి తీసి పెట్టుకోవాల్సింది."

సుష్మ గారు చాలాసేపు అతని చెప్పుల వైపే చూసింది. తిడుతుందనుకున్నాను. తండ్రికి ఫోను చేస్తుందనుకున్నాను.

"ఆ పిల్ల ఆపమని అడిగింది ప్రేమ్" అంది. "నేను నవ్వాను."

ఫోను ఒళ్లో ఉంది, ఎవరికీ చెయ్యలేదు.

అన్నయ్య అప్పుడు కారు దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. ఆ చక్రం పైన బరువంతా వాలి ఉంది, కింద ఇసుక తప్ప ఇంకేం లేదు. జాకీ కూడా తేలేదు. అయినా వెల్లకిలా పడుకుని తల లోపలికి పెట్టబోయాడు. బోల్టు ఎక్కడ ఊడిందో, సెట్టులో ఏవి మిగిలాయో చూడకుండా ఉండలేడు. అది అతని పద్ధతి.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. అతని కాలి మడమ రెండు చేతులతో పట్టుకున్నాను.

"వెళ్లొద్దు."

"చూసొస్తానే, ఊరికే."

"వద్దు."

"పైన పడదులే. ఇసుకలో కూరుకుంది."

"వద్దన్నానా?"

ఆడవాళ్లు అటు తిరిగి చూశారు. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అన్నయ్య కాలు విడిపించుకోవడానికి కొంచెం లాగాడు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నా గోళ్లు అతని చర్మంలోకి దిగుతున్నాయని తెలుస్తోంది, అయినా వదల్లేదు. కారు ఎక్కడో లోపల చల్లబడుతూ టిక్ మంది. నా కళ్ల ముందు ఆ చక్రం ఇంకాస్త లోపలికి వంగినట్టు అనిపించింది. వంగిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

అతను లాగడం ఆపాడు. కాసేపు అలాగే పడుకుని, ఇసుకలో మోచేతుల మీద జరుగుతూ బయటికి వచ్చాడు. తలనిండా ఎండుటాకులు. ఏమీ చూడకుండానే వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు.

"ఇంక వదులు" అన్నాడు మెల్లగా.

వదలమని నా చేతులకు చెప్పాను. అవి వినడానికి చాలాసేపు పట్టింది.